పక్కింటి కిటికీలో నాయనమ్మ

మా నాయనమ్మకి మోకాళ్ళ నొప్పులు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్నాయి, చివరిదాకా పోలేదు. అలాంటి మనిషి ఫోటో, నేను ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో ఉండగా, మోకాళ్ళ నొప్పుల్ని వారం రోజుల్లో మాయం చేస్తామని చెప్పే ఒక నూనె సీసా పక్కన కనపడింది.

ఫోటో తీసింది నేనే. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో, గుట్ట మీద, రెండేళ్ళకోసారి లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. మావైపు దాన్ని పెద్దగట్టు జాతర అంటారు. నెత్తిన గంప పెట్టుకుని, ఎండకి కళ్ళు చికిలించి, "ఓ లింగా" అని అరుస్తూ నడుస్తున్న నాయనమ్మ ఆ ఫోటోలో ఉంటుంది. ఈసారి గుట్ట ఎక్కొద్దని ఇంట్లో అందరం చెప్పాం. ఎక్కింది. ఫోటోలో కనిపించేదంతా ఆ మొండితనమే.

ఆ రోజుల్లో నాకొక సొంత గ్యాలరీ ఉండేది. హాస్టల్లో ముగ్గురం డబ్బులేసుకుని చవకలో దొరికిన హోస్టింగ్ కొన్నాం. నా వాటాలో పిల్లలమర్రి గుళ్ళ ఫోటోలు, ఫణిగిరి బౌద్ధ శిథిలాల ఫోటోలు, కోదాడ దారిలో ఆగిన లారీల ఫోటోలు, ఇంట్లోవాళ్ళవి కొన్ని. నెలకి 5 జీబీ డేటా మాత్రమే బయటికి వెళ్ళాలని షరతు. మా గ్యాలరీ చూసే జనానికి అది ఐదేళ్ళకి సరిపోయేది. ఒక నెలలో పదకొండో తారీఖుకే సైటు ఆగిపోయింది. తెర మీద 509 అనే అంకె, బ్యాండ్‌విడ్త్ అయిపోయిందని ఒక వాక్యం.

సర్వర్ లాగ్ తెరిచి చూస్తే ఒకే ఫైలు పేరు వేలసార్లు ఉంది. ప్రతి వరస చివరా నాకు తెలియని ఒకే సైటు అడ్రసు. ఆ అడ్రసుకి వెళ్తే నూనె సీసా, పక్కన నాయనమ్మ.

విచిత్రమేమిటంటే వాళ్ళు ఫోటోని కాపీ చేసుకోలేదు. వాళ్ళ పేజీలో నా ఫోటో అడ్రసు మాత్రం రాశారు. ఎవరు ఆ పేజీ తెరిచినా వాళ్ళ బ్రౌజర్ మా సర్వర్ దాకా వచ్చి ఫోటో పట్టుకెళ్ళి అక్కడ అతికిస్తోంది. మన బోరు మోటారుకి పక్కింటాయన పైపు తగిలించుకుంటే కరెంటు బిల్లు మనకి వస్తుంది చూడండి, అలాగన్నమాట. దీన్నే హాట్‌లింకింగ్ అంటారు. ఫోటో 300 కేబీ. 5 జీబీని దాంతో భాగిస్తే పదహారు వేల చిల్లర. అంటే మోకాళ్ళు నొప్పులు పెట్టే పదహారు వేలమంది మా నాయనమ్మని చూడగానే మా దుకాణం మూతపడిందన్నమాట.

ఆ రాత్రి ఎక్కడో చూసి నాలుగు లైన్లు రాసి తాళం వేశాను. ఆ నాలుగు లైన్ల వెనక ఎంత చరిత్ర ఉందో అప్పుడు నాకు తెలీదు. తర్వాత ఉద్యోగంలో అలాంటి తాళాలు ఎన్నో వేశాను, కొన్ని తీశాను కూడా. ఆ తాళాల చరిత్ర చదివేకొద్దీ నాకు రెండు సంగతులు అర్థమయ్యాయి. ఒకటి, వెబ్‌ని కట్టినవాళ్ళు బొమ్మలకి తలుపు పెట్టలేదు. రెండు, తర్వాత మనం పెట్టుకున్న ప్రతి తలుపూ దొంగకన్నా ముందు చుట్టాలకి అడ్డం పడింది.

1993 ఫిబ్రవరి 25న మార్క్ ఆండ్రీసెన్ అనే ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడు వెబ్ పేజీలో బొమ్మ పెట్టడానికి ఐఎమ్‌జీ అనే ట్యాగ్‌ని ప్రతిపాదించాడు. ఇల్లినాయ్ యూనివర్సిటీలోని సూపర్ కంప్యూటింగ్ సెంటర్లో మొజాయిక్ బ్రౌజర్ రాస్తున్న బృందంలో అతనొకడు. వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ, ఇంకొందరు, దీనికన్నా పద్ధతైన మార్గాలు ఉన్నాయేమో చూద్దామన్నారు. చర్చ సాగుతుండగానే మొజాయిక్ ఆ ట్యాగ్‌తో బయటికి వచ్చేసింది. ఇవాళ్టికీ ప్రతి పేజీలో బొమ్మ కనపడేది ఆ ట్యాగ్‌తోనే.

అప్పటిదాకా వెబ్‌లో లింక్ అంటే రోడ్డు మీద బోర్డు లాంటిది. "మిర్యాలగూడ ఇటు" అని బాణం గుర్తు వేయడానికి మిర్యాలగూడ అనుమతి అక్కర్లేదు. అనుమతి అడగకుండా లింక్ ఇవ్వగలగడమే వెబ్‌కి ప్రాణం. కానీ ఐఎమ్‌జీ ట్యాగ్ బాణం గుర్తు కాదు. మిర్యాలగూడనే తీసుకొచ్చి మన వాకిట్లో నిలబెడుతుంది. ఆ ట్యాగ్‌లో రాసే అడ్రసు మన ఇంటిదా, పక్కింటిదా, సముద్రం అవతలదా అని అడిగే మాటే దాంట్లో లేదు. ఇందులో తప్పు పట్టడానికి కూడా లేదు. అప్పుడు వెబ్‌లో ఉన్నది ఎక్కువగా యూనివర్సిటీలవాళ్ళూ పరిశోధకులూ. ఒక చోట ఉన్న పటాన్ని ఇంకోచోట చూపించుకోవడం వాళ్ళకి మర్యాదే.

ఎందుకది కొత్త సంగతి అంటే, మా ఊరి ఫోటో స్టూడియో గుర్తు చేసుకోవాలి. నా చిన్నప్పుడు సూర్యాపేటలో స్టూడియో బయట అద్దాల షోకేసు ఉండేది. అందులో ఎవరివో పెళ్ళి ఫోటోలు, ఎవరో పాప మొదటి పుట్టినరోజు. మా చుట్టాల్లో ఒకాయన, పెళ్ళయి అత్తారింటికి వెళ్ళిన చెల్లెలి ఫోటో ఇంకా షోకేసులో ఉందని స్టూడియోకి వెళ్ళి గొడవపడి తీయించాడు. తీయగానే సమస్య అయిపోయింది. ఎందుకంటే ఫోటో ఉన్న చోటూ, కనిపించే చోటూ ఒకటే. నెగటివ్ స్టూడియో బీరువాలో ఉంటుంది, ఎవరిని అడగాలో తెలుసు. ఇక్కడ చాలామందికి తెలియని ముచ్చట ఒకటుంది. 1957 నాటి మన కాపీరైట్ చట్టంలో 17వ సెక్షన్ ప్రకారం, డబ్బులిచ్చి తీయించుకున్న ఫోటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు తీయించుకున్నవాళ్ళది, స్టూడియోది కాదు. ఆయన గొడవపడటంలో న్యాయమే కాదు, చట్టం కూడా ఉంది.

ఐఎమ్‌జీ ట్యాగ్ ఈ రెండు చోట్లనీ విడదీసింది. ఫోటో ఉండేది మా ఇంట్లో, కనపడేది పక్కింటి కిటికీలో. పక్కింటాయన్ని పట్టుకుంటే "నా దగ్గర ఫోటో ఎక్కడుంది? అడ్రసు మాత్రమే ఉంది" అంటాడు. అతను చెప్పేది అబద్ధమూ కాదు.

ఇక ఆ నాలుగు లైన్ల సంగతి. బ్రౌజర్ ఒక ఫైలు అడిగేటప్పుడు, తాను ఏ పేజీలోంచి వస్తున్నదీ కూడా చెప్పే పద్ధతి ఒకటి మొదట్లోనే పెట్టారు. దాని పేరు రెఫరర్. ప్రతిపాదించిన ఫిలిప్ హాలమ్-బేకర్ స్పెల్లింగులో ఒక ఆర్ తగ్గిపోయింది. 1996 మేలో వచ్చిన హెచ్‌టీటీపీ 1.0 పత్రంలోకి ఆ తప్పు అలాగే ఎక్కి, ఇప్పటికీ ప్రపంచమంతా ఆ తప్పు స్పెల్లింగుతోనే నడుస్తోంది. అదే ఏడాది రాల్ఫ్ ఎంగెల్‌షాల్ అనే జర్మన్ ప్రోగ్రామర్ అపాచీ సర్వర్ కోసం మాడ్-రీరైట్ అనే భాగం రాశాడు. వచ్చిన అభ్యర్థనని చదివి, షరతుల్ని బట్టి దాన్ని ఎటు కావాలంటే అటు మళ్ళించవచ్చు. ఈ రెండూ కలిస్తే తాళం తయారు. నేను హాస్టల్లో రాసింది అదే.

ఊళ్ళో కొత్త మనిషి కనపడితే అరుగు మీద కూర్చున్న పెద్దాయన "ఎవరింటికి వచ్చినవ్ నాయనా?" అని అడుగుతాడు. రెఫరర్ అనేది ఆ ప్రశ్న. మా సైటు పేజీ పేరు చెప్తే ఫోటో ఇవ్వు, ఇంకెవరి పేరు చెప్పినా 403 అని చెప్పి పంపించు. ఏమీ చెప్పకపోతే? అక్కడుంది తిరకాసు. ఆఫీసుల ఫైర్‌వాల్స్, కొన్ని ప్రాక్సీలు ఆ వివరాన్ని దారిలోనే చెరిపేస్తాయి. చెప్పనివాళ్ళందరినీ వెనక్కి పంపితే మన అసలు పాఠకులే పోతారు. అందుకని నోరు విప్పనివాళ్ళని లోపలికి రానివ్వడం ఆనవాయితీ. అంటే, పెద్దాయన అరుగు మీద ఉన్నాడు గానీ ఆయనకి అబద్ధం చెప్పొచ్చు, అసలు చెప్పకుండానూ పోవచ్చు. ఇవాళ హాట్‌లింక్ చేసేవాళ్ళు తమ పేజీలో ఒక్క మాట చేర్చి బ్రౌజర్ నోరు మూయించగలరు. ఆ తాళం మర్యాదస్తుల్నే ఆపుతుంది.

నా తాళం ఆపింది మా మేనత్తని.

అత్త వాళ్ళది మిర్యాలగూడ. అప్పటికి బావ వాళ్ళమ్మ కోసం ఒక చిన్న పేజీ తయారుచేసి పెట్టాడు. అందులో ఇంట్లోవాళ్ళ ఫోటోలన్నీ ఉండేవి, కాకపోతే బావ కూడా వాటిని ఎక్కించలేదు, నా గ్యాలరీ అడ్రసులే ఇచ్చాడు. వాళ్ళింట్లో కంప్యూటర్ ఆన్ చేస్తే మొదట వచ్చేది ఆ పేజీ. తాళం వేసిన మూడో రోజు ఫోన్ వచ్చింది. "ఏం రా, అమ్మ ఫోటో తీసేసినవా? పొద్దటి నుంచి చూస్తున్న, ఎర్ర గుర్తు పడ్తంది." నూనె కంపెనీకీ అత్తకీ మధ్య తేడా నా నాలుగు లైన్లకి తెలీదు. ఇద్దరూ చేస్తున్నది ఒకే పని. ఒకరిది దొంగతనం, ఒకరిది తల్లిని చూసుకోవడం. ఆ తేడా హెచ్‌టీటీపీలో ఎక్కడా లేదు.

బావ పేజీకి మినహాయింపుగా ఐదో లైను రాశాను. తర్వాత ఒక ఫ్రెండుకి ఆరోది. ఇప్పుడు పెద్ద కంపెనీలు ఇచ్చే తాళాల్లోనూ ఇదే కథ. క్లౌడ్‌ఫ్లేర్ ఇచ్చే హాట్‌లింక్ రక్షణలో "హాట్‌లింక్-ఓకే" అనే పేరుతో ఒక ఫోల్డర్ పెట్టుకుంటే అందులోని బొమ్మలకి తాళం వర్తించదు. ఎంత పెద్ద తాళం చేసినవాడైనా చివరికి చుట్టాల కోసం ఒక కిటికీ వదలాల్సిందే.

మా రూమ్మేట్ సలహా వేరు. "తాళం ఎందుకు రా, ఫోటో మార్చెయ్. బూతు బొమ్మ పెట్టు." అది కూడా అప్పటికే చరిత్ర ఉన్న పద్ధతి. 2007 మార్చిలో, అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడుతున్న జాన్ మెకెయిన్ మైస్పేస్ పేజీకి, న్యూస్‌వైన్ స్థాపకుల్లో ఒకరైన మైక్ డేవిడ్సన్ తయారుచేసిన డిజైన్ వాడారు. డిజైన్ వాడుకోవచ్చని ఆయనే చెప్పాడు, పేరు చెప్పమన్నాడు, బొమ్మలు తన సర్వర్ నుంచి లాగొద్దన్నాడు. పేరూ చెప్పలేదు, లాగడమూ మానలేదు. ఆయన తన సర్వర్లో ఒక బొమ్మ మార్చాడు. స్వలింగ వివాహాలపై మెకెయిన్ మనసు మార్చుకుని పూర్తి మద్దతు ప్రకటించినట్టు మెకెయిన్ పేజీలోనే కనపడింది. ఎవరి పేజీనీ ఆయన హ్యాక్ చేయలేదు. సొంత ఇంట్లో సొంత బొమ్మ మార్చుకున్నాడు, అంతే.

నేను బూతు బొమ్మ పెట్టలేకపోయాను. ఆ పేజీకి వచ్చేది నొప్పులున్న ముసలివాళ్ళో, వాళ్ళ పిల్లలో. ఫోటోకి నా గ్యాలరీలో కొత్త పేరు పెట్టి, పాత అడ్రసులో తెల్ల కాగితం లాంటి బొమ్మ ఒకటి పెట్టాను. దాని మీద మూడు వాక్యాలు: "ఇక్కడ ఉండాల్సిన ఫోటో మా నాయనమ్మది. ఈ నూనె ఆమె వాడలేదు. ఆమె నొప్పులు తగ్గలేదు." రెండ్రోజుల్లో ఆ పేజీలోంచి బొమ్మ మాయమైంది.

అప్పుడు గెలిచామని సంబరపడ్డాం. ఇప్పుడు ఆలోచిస్తే ఆ గెలుపులో అసలు సంగతి వేరే కనపడుతుంది. ఆ ఫోటో పక్కింటి కిటికీలో ఉన్నా నా మాటే వింది. నేను మార్చితే మారింది, తీస్తే పోయేది. దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎక్కణ్ణించి చూశారో లాగ్ వచ్చి నాకు చెప్పింది. అది దొంగతనమే, కానీ ప్రతిసారీ మన వాకిట్లోంచే వెళ్ళే దొంగతనం.

కోర్టుల్ని తికమక పెట్టింది కూడా ఇదే. అమెరికా పశ్చిమ ప్రాంతపు దృశ్యాలు తీసే లెస్లీ కెల్లీ అనే ఫోటోగ్రాఫర్, తన ఫోటోల్ని చూపించిన అరీబా సాఫ్ట్ అనే బొమ్మల సెర్చ్ ఇంజన్ మీద కేసు వేశాడు. 2002 ఫిబ్రవరిలో అప్పీళ్ళ కోర్టు, చిన్న నమూనా బొమ్మలు చూపించడం న్యాయమైన వాడకమే గానీ, ఆయన సైటులోని పూర్తి సైజు ఫోటోని లాగి తమ పేజీలో చూపించడం ఉల్లంఘన అంది. 2003లో అదే కోర్టు రెండో భాగాన్ని వెనక్కి తీసుకుంది. 2007లో పర్‌ఫెక్ట్ 10 అనే సంస్థ గూగుల్, అమెజాన్‌ల మీద వేసిన కేసులో తేల్చిందేమంటే, ఫోటో ఎవరి సర్వర్లో ఉందో వాళ్ళే దాన్ని ప్రదర్శిస్తున్నట్టు, అడ్రసు ఇచ్చినవాళ్ళు కాదు. దీన్ని సర్వర్ పరీక్ష అంటారు. ఆ లెక్కన నూనె పక్కన నాయనమ్మని నిలబెట్టింది నేనే! 2018లో న్యూయార్క్ ఫెడరల్ జడ్జి కేథరిన్ ఫారెస్ట్, ఫోటో భౌతికంగా ఎక్కడ ఉందన్నది ముఖ్యం కాదని, పేజీలో చూపించినవాళ్ళే ప్రదర్శించినట్టని తీర్పిచ్చింది. 2023లో పశ్చిమ తీరపు అప్పీళ్ళ కోర్టు మళ్ళీ సర్వర్ పరీక్షనే నిలబెట్టింది. ఒకే దేశంలో తూర్పున ఒక మాట, పడమరన ఒక మాట.

యూరప్ ఇంకో దారి పట్టింది. 2021 మార్చి 9న యూరోపియన్ యూనియన్ కోర్టు, జర్మనీ నుంచి వచ్చిన ఒక కేసులో, హక్కుదారు తాళం వేస్తే ఆ తాళాన్ని తప్పించుకుని తమ పేజీలో చూపించడానికి అనుమతి కావాలంది. అంటే, వద్దని ఊరికే రాస్తే చాలదు, నిజంగా పనిచేసే తాళం వేయాలి. మన దేశంలో 2012 సవరణతో కాపీరైట్ చట్టం 52వ సెక్షన్లోకి వచ్చిన భాగం మాత్రం హక్కుదారు వద్దన్నాడా లేదా అని చూస్తుంది. లింకులు ఇవ్వడానికి యాదృచ్ఛికంగా, తాత్కాలికంగా జరిగే నిల్వ తప్పు కాదు, హక్కుదారు అలాంటి లింకుల్ని స్పష్టంగా వద్దని చెప్పకపోతే. చెప్తే లెక్క వేరు.

ఇది చదివినప్పుడు నాకు మన దాన శాసనాలు గుర్తొచ్చాయి. పిల్లలమర్రిలో 1208లో కట్టిన ఎరకేశ్వరాలయం మా ఊరికి కూతవేటు దూరం. కాకతీయుల కాలం నాటి శాసనాలు ఆ ఊళ్ళో ఉన్నాయి. దాన శాసనాల చివర సాధారణంగా శాపం ఉంటుంది. ఈ భూమిని హరించినవాడు ఫలానా పాపం పొందుతాడు, పురుగై పుడతాడు అని. రాయి భూమిని కాపలా కాయలేదు. కానీ వద్దని చెప్పినట్టు సాక్ష్యం ఉంటుంది. మా గ్యాలరీ అడుగున నేను రాసుకున్న "దయచేసి ఈ ఫోటోలకి నేరుగా లింక్ ఇవ్వకండి" అనే వాక్యం కూడా శాసనం చివరి శాపం లాంటిదే. ఎవడూ భయపడడు. చట్టానికి మాత్రం అది కావాలి.

ఈలోగా సొంత గ్యాలరీలు పోయాయి. 2004లో ఫ్లికర్, 2006లో పికాసా వెబ్ ఆల్బమ్స్ వచ్చాయి. మనకెందుకీ సర్వర్లు, తాళాలు, వాళ్ళే చూసుకుంటారనుకున్నాం. 2003లో మొదలైన ఫోటోబకెట్ అయితే, "మా దగ్గర పెట్టుకోండి, ఎక్కడైనా చూపించుకోండి" అనే బతికింది. 2017 జూన్ చివర్లో ఉన్నట్టుండి, బయటి పేజీల్లో ఫోటోలు కనపడాలంటే ఏడాదికి 399 డాలర్లు కట్టమంది. కట్టనివాళ్ళ ఫోటోల స్థానంలో ఒక మీటరు బొమ్మ వచ్చింది. పాత కార్లు బాగుచేసుకునేవాళ్ళు, అల్లికలు నేర్పేవాళ్ళు పదేళ్ళుగా ఓపిగ్గా రాసుకున్న పేజీలన్నీ మీటరు బొమ్మలతో నిండిపోయాయి. మరుసటి ఏడాది ధర తగ్గించారు గానీ, విడిచిపోయినవాళ్ళు మళ్ళీ రాలేదు. హాట్‌లింకింగ్‌ని అంత పెద్ద ఎత్తున ఆపడం అంతకుముందు నేను చూడలేదు. ఆగింది ఎక్కువగా దొంగలు కాదు, ఎవరి ఫోటోలు వాళ్ళు చూపించుకుంటున్నవాళ్ళు.

బిల్లు కట్టేవాడికి హాట్‌లింక్ ఎంత బరువో తెలియాలంటే వికీమీడియా కథ చాలు. బయటి పేజీలు తమ బొమ్మల్ని నేరుగా వాడుకోవడాన్ని వాళ్ళు నిషేధించలేదు. 2021 ఫిబ్రవరిలో అక్కడి ఇంజనీర్లు గమనించిందేమంటే, ఒక ఊదారంగు ఆస్టర్ పువ్వు ఫోటోని రోజుకి 9 కోట్లసార్లు ఎవరో అడుగుతున్నారు. సింగపూర్ డేటా సెంటర్‌కి వచ్చే బొమ్మల అభ్యర్థనల్లో ఐదోవంతు అదొక్కటే. అన్నీ ఇండియా నుంచి. 2020 జూన్ చివర్లో టిక్‌టాక్‌ని నిషేధించిన రోజుల్లో మొదలైంది. చివరికి తేలిందేమంటే, దాని స్థానంలో జనం ఎక్కించుకున్న ఒక యాప్, తెరిచిన ప్రతిసారీ ఆ పువ్వుని లాగుతోంది, తెర మీద చూపించడం కూడా లేదు. ఏ డెవలపరో నమూనాకని పెట్టి మర్చిపోయి ఉంటాడని నా అనుమానం. నేనూ అలాంటి పనులు చేశాను కాబట్టి.

ఇవాళ్టి తాళాలు నిజంగానే గట్టివి. ఈ బొమ్మని వేరే సైటు పేజీకి ఇవ్వొద్దని సర్వర్ ఒక్క హెడర్‌తో చెప్తే బ్రౌజరే ఆపేస్తుంది, రెఫరర్‌తో పని లేదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఇచ్చే ఫోటో అడ్రసులకి సంతకం, గడువు ఉంటాయి. కొన్నాళ్ళకి ఆ అడ్రసు చచ్చిపోతుంది. హాట్‌లింకింగ్ సమస్య అక్కడ దాదాపు తీరిపోయింది. కానీ ఎలా తీరింది? ఇంటికి తలుపు పెట్టి కాదు, అందర్నీ ఒకే గేటెడ్ కమ్యూనిటీలోకి తరలించి. ఇప్పుడు అత్త వాళ్ళమ్మ ఫోటో చూడాలంటే అకౌంటు ఉండాలి. ఆ లాగ్ ఇప్పుడు నాకు రాదు, కంపెనీకి వెళ్తుంది.

ఇంత చేసినా కాపీకి తాళం లేదు. 2022లో వచ్చిన లాయాన్-5బి అనే జాబితాతో ఎన్నో బొమ్మలు గీసే ఏఐ మోడళ్ళకి శిక్షణ ఇచ్చారు. నిజానికి అందులో బొమ్మలే లేవు. 585 కోట్ల బొమ్మల అడ్రసులు, వాటి పక్కన ఉన్న మాటలు మాత్రమే ఉన్నాయి. నూనె పేజీవాళ్ళ వాదనే ఇది కూడా: మా దగ్గర ఫోటో లేదు, అడ్రసే ఉంది. ఆ అడ్రసులు పట్టుకుని వెళ్ళినవాళ్ళు ఒక్కసారి వస్తారు, దించుకుంటారు, మళ్ళీ రారు. రెఫరర్ అడిగితే ఏమీ చెప్పరు. 2024లో హ్యూమన్ రైట్స్ వాచ్ ఆ జాబితాలో చాలా చిన్న భాగం వెతికితేనే బ్రెజిల్ పిల్లల ఫోటోలు 170 దొరికాయి. తల్లులూ చుట్టాలూ ఎప్పుడో పది మంది చూస్తారని పెట్టుకున్న పుట్టినరోజుల ఫోటోలు. అడ్రసుని జాబితాలోంచి తీయించవచ్చు. నేర్చుకున్న మోడల్‌లోంచి తీయించడం ఇంకా ఎవరికీ సరిగ్గా చేతకాలేదు.

ఎవరైనా సొంత గ్యాలరీ పెట్టుకుంటానంటే నేను చెప్పేది ఒకటే. చిన్న సైజు ఫోటోని ఎవరైనా చూసేలా వదిలెయ్యండి, పెద్దదానికి తాళం వెయ్యండి. ఎవరి ఫోటోనో, ఏ ఊరో బొమ్మ మీదే చిన్న అక్షరాల్లో రాయండి. వద్దని స్పష్టంగా ఒక వాక్యం రాయండి. లాగ్ అప్పుడప్పుడూ చదవండి. అన్నిటికన్నా ముందు, ఫోటోలో ఉన్న మనిషిని అడగండి. చట్టం దృష్టిలో ఆ జాతర ఫోటో నాది, తీసింది నేను కాబట్టి. ముఖం మాత్రం ఆమెది. గ్యాలరీలో పెట్టేముందు నేను నాయనమ్మని అడగలేదు. నూనె కంపెనీని తిట్టినన్ని రోజులూ నాకు ఆ సంగతి తట్టలేదు.

ఆ హోస్టింగ్ ఎప్పుడో వదిలేశాం. నాయనమ్మ కూడా పోయింది. పోయినేడు ఒక పొద్దున అత్త వాట్సాప్‌లో ఒక బొమ్మ పంపింది. చుట్టూ గులాబీల అంచు, కింద "శుభోదయం" అని పసుపు అక్షరాలు, మధ్యలో నెత్తిన గంపతో నాయనమ్మ. మిర్యాలగూడలో వాళ్ళ కాలనీ గ్రూపులో ఎవరో పెట్టారట. వాళ్ళకి ఇంకెవరో పంపారట. ఫోటో అరిగిపోయి, ముఖం మీద గళ్ళు గళ్ళుగా ఉంది. అలవాటుకొద్దీ ఎక్కణ్ణించి వచ్చిందో వెతకబోయాను. వెతకడానికి ఏమీ లేదు. దానికి అడ్రసు లేదు, లాగ్ లేదు, నేను మార్చడానికి పాత చోటు లేదు. ఇక అది ఎవరి మాటా వినదు.

బొమ్మ కింద అత్త ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది. "చూసినవా రా, అమ్మ అందరి ఫోన్లల్లకి వచ్చింది." గొంతులో సంతోషం. దాన్ని ఎలా ఆపాలో పదిహేనేళ్ళుగా చదువుతున్న మనిషిని నేను. "చూసిన అత్తా, మంచిగున్నది" అని పంపించాను.